తెలుగు పూజ.. తెలిసిన పూజేనా?

ఆదివారం పొద్దున పూజ. కానుకల పాట సాగుతోంది. బలిపీఠం దగ్గర ఫాదర్ గారు పాత్రలో ద్రాక్షరసం పోసి, అందులో ఒకటి రెండు నీటి బొట్లు వేస్తారు. పెదవులు కదులుతాయి గానీ మాట బయటికి రాదు. కింద చాప మీద కూర్చున్న పదేళ్ల పిల్ల తండ్రి చొక్కా లాగి అడుగుతుంది: ‘నాన్నా, రసంలో నీళ్లెందుకు?’

‘ష్.. పూజలో మాట్లాడకూడదు’ అంటాడు తండ్రి.

ఏ విచారణ గుడిలోనైనా కనిపించే దృశ్యమే ఇది. ఆ తండ్రికి భక్తి తక్కువేమీ లేదు. ఆదివారం పూజ తప్పడు. తపస్కాలంలో శుక్రవారం మాంసం ముట్టడు. సిలువ మార్గం పద్నాలుగు స్థలాల దగ్గరా మోకరిస్తాడు. జపమాల కంఠతా వచ్చు. పిల్ల అడిగినదానికి జవాబు మాత్రం ఆయనకు ఎవరూ చెప్పలేదు. చిన్నప్పుడు మొదటి సత్ప్రసాదం కోసం ఉపదేశి దగ్గర జపాలు నేర్చుకున్నాడు. భద్రమైన అభ్యంగనం అయ్యాక ఆ చదువు ఆగిపోయింది. ఉద్యోగం, పెళ్లి, పిల్లలు, అప్పులు, అమ్మానాన్నల చావు.. జీవితం ఎంతో ముందుకు వచ్చింది. విశ్వాసం గురించి తెలిసింది మాత్రం పన్నెండేళ్ల పిల్లాడికి తెలిసినంతే.

నిజానికి ఆ నీటి బొట్టుకు చాలా పెద్ద కథ ఉంది. క్రీ.శ. 150 ప్రాంతంలో రోమ్‌లో ఉన్న జస్టిన్ అనే క్రైస్తవ తత్త్వవేత్త ఆనాటి ఆరాధనను వివరిస్తూ రొట్టెతో పాటు నీళ్లు కలిపిన ద్రాక్షరసాన్నీ ప్రస్తావించాడు. చిక్కటి ద్రాక్షరసాన్ని నీళ్లు కలుపుకుని తాగడం మధ్యధరా తీరంలో ఇంటింటి అలవాటు. అంటే అది భోజనాల బల్ల మీది నుంచి బలిపీఠం మీదికి వచ్చిన పద్ధతి. మూడో శతాబ్దంలో కార్తేజ్ మేత్రాణులు సిప్రియన్ దానికో అర్థం చెప్పారు. ద్రాక్షరసం క్రీస్తు, నీళ్లు జనం. ఒకసారి కలిశాక ఏది రసమో ఏది నీరో ఎవరూ విడదీయలేరు. గురువు నోట్లోనే చెప్పుకునే ఆ చిన్న ప్రార్థన సారం కూడా ఇంచుమించు ఇదే. మన మనిషితనాన్ని పంచుకున్న క్రీస్తు దైవత్వంలో మనకూ పాలు దొరకాలని.

పాత లాటిన్ పూజలో గురువు ఈ ప్రార్థనను మెల్లగా చెప్పేవారు. ఇప్పటి తెలుగు పూజలోనూ మెల్లగానే చెప్పాలన్నది నియమం. భాష మారినా అది జనం చెవిన పడదు. ఎవరో ఒకరు పక్కన కూర్చోబెట్టుకుని చెబితేనే తెలుస్తుంది.

పాత పూజ మేలా, కొత్త పూజ మేలా అని కతోలిక ప్రపంచం అరవై ఏళ్లుగా వాదించుకుంటోంది. లాటిన్ కావాలని ఒకరు, మాతృభాషే కావాలని ఒకరు. గురువు జనం వైపు తిరగాలని కొందరు, బలిపీఠం వైపే నిలబడాలని కొందరు. ఇరువైపులా నిజాయితీ ఉంది, ప్రేమ ఉంది, అప్పుడప్పుడూ కోపమూ ఉంది. అన్నేళ్ల వాదనలోనూ ఆ తండ్రికి జవాబు చెప్పే పని వెనకే ఉండిపోయింది.

గంట మోగితే తల వంచిన కాలం

ఇప్పుడు డెబ్బై ఐదు దాటిన తెలుగు కతోలికులకు చిన్నప్పటి పూజ గుర్తుంటుంది. గురువు వీపే కనిపించేది. మాటలన్నీ లాటిన్. జవాబులు చెప్పేది పీఠబాలురు. అర్థం తెలియకపోయినా తడబడకుండా అప్పజెప్పేవారు. జనం తమ మానాన జపమాల తిప్పుకునేవారు. మధ్యలో గంట మోగేది. అందరూ ఒక్కసారిగా తలలు వంచేవారు. సత్ప్రసాదం పైకెత్తిన క్షణం అదేనని గంటే చెప్పేది. సాంబ్రాణి పొగ, కొవ్వొత్తులు, తల మీద ముసుగులు, పాటకూ పాటకూ మధ్య నిశ్శబ్దం. తమకన్నా పెద్దదేదో ముందు నిలబడ్డామన్న భావన చదువురాని కూలీకి కూడా కలిగేది. ఆ పూజను తలచుకుని ఇప్పటికీ కన్నీళ్లు పెట్టుకునేవాళ్లను వెనకబడినవాళ్లుగా కొట్టిపారేయడం అన్యాయం.

ఆ పూజకు రూపు కట్టింది 16వ శతాబ్దంలో. ట్రెంట్ మహాసభ తర్వాత ఐదో పయస్ పోపు 1570లో పూజ పుస్తకాన్ని ప్రకటించారు. అప్పటికే రెండు వందల ఏళ్లకు పైబడిన స్థానిక పద్ధతులుంటే వాటిని కొనసాగించుకోవచ్చని కూడా అందులోనే అనుమతించారు. పాత పూజ అనగానే ప్రపంచమంతా అక్షరం తేడా లేకుండా ఒకటే అనుకుంటారు గానీ, ఆ ఏకరూపతలోనూ మినహాయింపులుండేవి. ఆ మహాసభ ఫలితంగానే 1566లో ఒక సత్యోపదేశ గ్రంథం వెలువడింది. పిల్లల కోసం కాదు, విచారణ గురువుల కోసం. వాళ్లు చదివి జనానికి విడమరచి చెప్పాలని.

చెప్పారా? కొన్నిచోట్ల చెప్పారు, చాలాచోట్ల లేదు. మూడున్నర శతాబ్దాల తర్వాత, 1905 ఏప్రిల్‌లో పదో పయస్ పోపు రాసిన లేఖలో బాధ అదే. ‘అచెర్బో నిమిస్’ పేరుతో వచ్చిన ఆ లేఖ, విశ్వాసం సడలడానికి మొదటి కారణం దైవవిషయాల్లో అజ్ఞానమేనని తేల్చింది. పిల్లలకే కాదు, పెద్దలకూ ఆదివారాలు, పండుగ రోజుల్లో సత్యోపదేశం చెప్పి తీరాలని విచారణ గురువులను ఆదేశించింది. అప్పటికి అమల్లో ఉన్నది పాత లాటిన్ పూజే. పాతది ఉంటే చాలు, అన్నీ చక్కగా ఉండేవనుకునే వాళ్లు ఈ తేదీని ఒకసారి గుర్తు చేసుకోవాలి.

2,147 మంది అవునన్నారు

రెండో వాటికన్ మహాసభ మొట్టమొదట తేల్చిన పత్రం ఆరాధన గురించే. 1963 డిసెంబర్ 4న జరిగిన తుది ఓటింగ్‌లో అనుకూలంగా 2,147 మంది, వ్యతిరేకంగా నలుగురు. అంత ఏకాభిప్రాయంతో వచ్చిన ఆ పత్రం గురించి ప్రచారంలో ఉన్నవి వేరు, అందులో ఉన్నవి వేరు. లాటిన్‌ను తీసేయమని అది చెప్పలేదు. లాటిన్ వాడకం నిలవాలి, దాంతోపాటు మాతృభాషలకు చోటు పెంచవచ్చు అంది. గ్రెగోరియన్ గానానికి అగ్రస్థానం ఇమ్మంది. గురువు ఏ వైపు తిరగాలన్న ప్రస్తావనే అందులో లేదు. బలిపీఠాన్ని గోడ నుంచి విడిగా, జనానికి ఎదురుగా పూజ చేయడానికి వీలుగా కట్టవచ్చన్న మాట మరుసటి ఏడాది అమలు సూచనల్లో వచ్చింది.

ఆ పత్రం పట్టుబట్టిన మాట ఒకటుంది. జనం పూజలో నిండుగా, తెలిసి, చురుగ్గా పాల్గొనాలి. అందుకోసం గురువులు ముందు తాము నేర్చుకోవాలి, తర్వాత జనానికి ఓపిగ్గా నేర్పాలి. ‘చురుగ్గా’ అన్న మాటను అందరూ పట్టుకున్నారు. పాటలు పెరిగాయి, జవాబులు పెరిగాయి, పఠనాలు చదివే యువత ముందుకొచ్చింది. ‘తెలిసి’ అన్నది మాత్రం జారిపోయింది.

1965 మార్చి 7న ఆరో పాల్ పోపు రోమ్‌లోని ఓన్యిస్సాంతి విచారణ గుడిలో ఇటాలియన్‌లో పూజ చేశారు. 1969 నవంబర్ 30న, ఆగమన కాలం మొదటి ఆదివారం నాడు కొత్త పూజ పుస్తకం అమల్లోకి వచ్చింది. దానికి నాలుగు రోజుల ముందు అదే పోపు జనంతో మాట్లాడుతూ, లాటిన్‌ను వదులుకోవడం చాలా పెద్ద త్యాగమనీ, శతాబ్దాల గానసంపద చేజారుతుందనీ దాచకుండా ఒప్పుకున్నారు. అయినా ప్రార్థన జనానికి అర్థం కావడం అంతకన్నా విలువైనదన్నారు. సంస్కరణకు సంతకం పెట్టిన మనిషే అంత దిగులు పడ్డారని చాలామందికి తెలియదు.

మన దేశంలో మార్పు ఇంకో అడుగు ముందుకేసింది. 1969 ఏప్రిల్ 25న భారతీయ ఆరాధన కోసం పన్నెండు అంశాలను రోమ్ ఆమోదించింది. చెప్పులు విప్పి గుడిలోకి రావడం, నేల మీద కూర్చోవడం, మోకరించే చోట పంచాంగ ప్రణామం, శాంతి చెప్పుకునేటప్పుడు చేతులు జోడించడం, కొవ్వొత్తి బదులు నూనె దీపం, పళ్లెంలో పూలూ అగరొత్తులతో ఆరతి, గురువు భుజాన అంగవస్త్రం. వీటి వెనక ఎక్కువగా శ్రమించింది పాండిచ్చేరికి చెందిన ఫాదర్ డి.ఎస్.అమలోర్‌పవదాస్. బెంగళూరులోని జాతీయ బైబిల్, సత్యోపదేశ, ఆరాధన కేంద్రానికి ఆయనే తొలి సారథి. ఆ సంస్థ పేరులో సత్యోపదేశం, ఆరాధన పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి లేకుండా రెండోది నడవదన్నది ఆయన నమ్మకం.

కానీ చాలా విచారణల్లో ఆరతి పళ్లెం వచ్చినంత తేలిగ్గా దాని వివరణ రాలేదు. ‘ఇది హిందువుల పద్ధతి కదా, మనకెందుకు?’ అని పెద్దలు గొణిగారు. పక్కనున్న ప్రొటెస్టెంట్ బంధువులు వేళాకోళం చేశారు. జవాబు చెప్పగలిగినవాళ్లు ప్రతి ఊళ్లో నలుగురుంటే కథ వేరేలా ఉండేది.

పుంగనూరు సన్న్యాసులు

జవాబు మన చరిత్రలోనే ఉంది. 18వ శతాబ్దం తొలి ఏళ్లలో ఫ్రెంచి జెస్విట్ గురువులు చిత్తూరు ప్రాంతంలోని పుంగనూరుకు వచ్చారు. మదురైలో రాబర్ట్ డి నోబిలి వేసిన దారిలో కాషాయం కట్టారు, మాంసం మానేశారు, సన్న్యాసుల్లా బతికారు. తెలుగూ సంస్కృతమూ నేర్చారు. అది తగదని అప్పట్లోనే పెద్ద గొడవ జరిగింది. 1704లో పోపు ప్రతినిధి టూర్నాన్ పాండిచ్చేరిలో నిషేధాలు ప్రకటించారు. 1744లో పద్నాలుగో బెనెడిక్ట్ పోపు ఆ వివాదంపై తుది తీర్పు చెప్పారు. పూజలో ఏది మనది, ఏది పరాయిది అన్న తగవు 1969లో పుట్టింది కాదు. తెలుగు నేల మీద దాని వయసు మూడు వందల ఏళ్లు.

వాళ్ల తర్వాత వచ్చిన జెస్విట్ గురువు గాస్తాఁ కేర్దూ సంస్కృతానికీ లాటిన్, గ్రీకు భాషలకూ ఉన్న పోలికలను 1767లోనే పారిస్ పండితులకు రాసి పంపారు. ఇదే పోలిక గురించి విలియం జోన్స్ చేసిన ప్రసిద్ధ ప్రసంగానికి దాదాపు రెండు దశాబ్దాల ముందు! అదే శతాబ్దంలో మంగళగిరి ఆనందకవి క్రీస్తు కథను ‘వేదాంత రసాయనము’ పేరుతో పద్యకావ్యంగా రాశాడు. పద్యం ఎవరి కోసం? పిల్లల కోసం కాదు. ఛందస్సు తెలిసిన, తర్కించగల పెద్దల కోసం. తెలుగులో కతోలిక విశ్వాసం మొదలైందే పెద్దలతో వాదించి, పెద్దలకు బోధించి. జ్ఞానస్నానం అడిగినవాళ్లు నెలల తరబడి నేర్చుకున్నాకే నీళ్లు పోసేవారు. గురువు ఎప్పుడో ఒకసారి గానీ రాని ఊళ్లలో ఆ భారం మోసింది ఉపదేశి.

ఉపదేశి అన్న మాట చెవిన పడితే పాత ఊళ్లలో ఇప్పటికీ గౌరవం పలుకుతుంది. ఫాదర్ గారు నెలకోసారి వచ్చేచోట జపాలు చెప్పించేది ఆయనే. చావుకూ పుట్టుకకూ ముందుండేది ఆయనే. రాత్రి కూలిపని నుంచి వచ్చిన పెద్దలను లాంతరు వెలుగులో కూర్చోబెట్టి బైబిల్ కథ చెప్పేదీ ఆయనే. చేతికొచ్చే జీతం అంతంతమాత్రం. గురువులు పెరిగి, రోడ్లు పడి, మోటారు సైకిళ్లు వచ్చాక ఉపదేశి పని కుదించుకుపోయింది. ఆయన చుట్టూ చేరిన ఆ రాత్రి బడి కూడా ఆయనతోనే మాయమైంది. తెలుగు శ్రీసభ పోగొట్టుకున్నవాటిలో ఇంతకన్నా పెద్ద నష్టం ఏముంటుంది?

బలిపీఠం దగ్గర తోపులాట

తెలియనిదాని మీద పట్టుదల పెరిగితే ఏమవుతుందో కేరళ చూపించింది. సిరో మలబార్ సభలో అందరూ ఒకే తీరులో పూజ చేయాలని 2021లో ఆ సభ మేత్రాణుల మండలి నిర్ణయించింది. మొదటి భాగం జనం వైపు, కృతజ్ఞతా ప్రార్థన బలిపీఠం వైపు, చివరి భాగం మళ్లీ జనం వైపు. సర్దుబాటుగా అనుకున్న ఆ పద్ధతిని ఎర్నాకుళం అంగమాలి అగ్రపీఠంలో ఎక్కువమంది గురువులు, విశ్వాసులు ఒప్పుకోలేదు. 2022 క్రిస్మస్ ముందు రోజుల్లో ఎర్నాకుళం సెయింట్ మేరీస్ బాసిలికాలో రెండు పక్షాలూ బలిపీఠం దగ్గరే తలపడ్డాయి. శాంతి రాజు పుట్టిన పండుగకు ఆ గుడి తలుపులు మూసే ఉన్నాయి.

అది మనకు దూరం కాదు. ఆదిలాబాద్‌లో 1999 నుంచి సిరో మలబార్ మేత్రాసనం ఉంది. 2017లో శంషాబాద్ కేంద్రంగా మరొకటి ఏర్పడింది. ఆ శంషాబాద్ మేత్రాణులుగా ఉన్న రఫేల్ తట్టిల్ గారే 2024 జనవరిలో ఆ సభ మొత్తానికి అధిపతి అయ్యారు. ఒకే హైదరాబాద్‌లో లాటిన్ సంప్రదాయపు తెలుగు పూజా ఉంది, సిరో మలబార్ కుర్బానా ఉంది. రెండూ కతోలికమే. ఎందుకు వేర్వేరుగా ఉన్నాయో, రెండూ ఎలా ఒకటో మామూలు విశ్వాసికి చెప్పేదెవరు?

రోమ్‌లోనూ లోలకం అటూ ఇటూ ఊగింది. 1962 నాటి లాటిన్ పూజను విరివిగా చేసుకోవచ్చని 2007 జులై 7న పదహారో బెనెడిక్ట్ పోపు అనుమతించారు. పాతదీ కొత్తదీ ఒకదాన్నొకటి సంపన్నం చేస్తాయని ఆశించారు. ఆ అనుమతి వల్ల ఐక్యత దెబ్బతింటోందంటూ 2021 జులై 16న ఫ్రాన్సిస్ పోపు దాన్ని బాగా బిగించారు. చాలామందికి అంతవరకే తెలుసు. ఏడాది తిరక్కుండానే, 2022 జూన్ 29న ఆయన మరో లేఖ రాశారు. అది నిషేధాల గురించి కాదు, ఆరాధనను నేర్చుకోవడం గురించి. అందులో ఆయన రొమానో గ్వార్దీని అనే వేదాంతిని పదేపదే తలచుకున్నారు. ఈ గ్వార్దీని 1920ల్లోనే జర్మనీలో యువతకూ పెద్దలకూ సిలువ గుర్తు ఎందుకు వేసుకుంటాం, మోకరించడమంటే ఏమిటి, కొవ్వొత్తి ఏం చెబుతుంది, వాకిలి దాటి లోపలికి అడుగుపెట్టడంలో ఏముంది అంటూ ఒక్కో గుర్తునూ పట్టుకుని చిన్న చిన్న వ్యాసాలు రాశారు. పండితులకే కాక, పూజకు వచ్చే ఎవరికైనా తలకెక్కేలా రాశారు. అలాంటి పుస్తకం తెలుగులో ప్రతి విచారణ వాకిట్లో, అరిటాకుల మీద అన్నం వడ్డించినంత ధారాళంగా అందుబాటులో ఉండాలి.

తెలియకనే తప్పిపోతున్నారు

అమెరికాలో ప్యూ పరిశోధన కేంద్రం 2019లో చేసిన సర్వే కతోలిక లోకాన్ని కుదిపేసింది. అక్కడి కతోలికుల్లో, పూజలో అప్పమూ ద్రాక్షరసమూ నిజంగా క్రీస్తు శరీర రక్తాలుగా మారతాయని నమ్ముతున్నవాళ్లు 31 శాతమే. మిగతా వాళ్లకు అవి గుర్తులు మాత్రమే. ప్రశ్న అడిగిన తీరు మీద తర్వాత విమర్శలు వచ్చాయి గానీ, అదే సర్వేలో ఉన్న ఇంకో సంగతిని ఎక్కువమంది పట్టించుకోలేదు. శ్రీసభ బోధ తెలిసీ కాదన్నవాళ్లు 22 శాతం. గుర్తు మాత్రమేననుకుంటూ, శ్రీసభ చెప్పేదీ అదేనని పొరబడినవాళ్లు 43 శాతం. తిరగబడినవాళ్లకన్నా తెలియనివాళ్లే దాదాపు రెట్టింపు. తిరగబడినవాళ్లతో వాదించాలి. తెలియనివాళ్లకు చెబితే చాలు. అక్కడి మేత్రాణులు 2022 నుంచి మూడేళ్లు సత్ప్రసాదం గురించి ఊరూరా బోధ నడిపించారు, 2024 జులైలో ఇండియానాపొలిస్ స్టేడియంలో జాతీయ మహాసభ పెట్టారు.

ఫ్రాన్స్‌లో మరో దృశ్యం. గుళ్లు ఖాళీ అయిపోయాయని పేరుపడ్డ ఆ దేశంలో 2025 పాస్కా పండుగకు 10,384 మంది పెద్దలు జ్ఞానస్నానం పొందారు. అంతకుముందు ఏడాదికన్నా 45 శాతం ఎక్కువ. వీళ్లలో చాలామంది పాతికేళ్లు అటూ ఇటూ వాళ్లు. అడిగిన వెంటనే నీళ్లు పోసి పంపలేదు. సాధారణంగా ఏడాది, రెండేళ్లు నేర్చుకోవాలి. పక్కన తోడుగా ఒక విశ్వాసి ఉంటారు. ఈ పద్ధతికి ఆధారం 1972లో రోమ్ విడుదల చేసిన పెద్దల ప్రవేశ క్రమం. తొలి శతాబ్దాల నాటి ఆచారాన్ని మళ్లీ తవ్వి తీసి, మెట్లుమెట్లుగా అమర్చిన పుస్తకమది. అదే ఫ్రాన్స్‌లో పెంతెకోస్తు పండుగకు పారిస్ నుంచి చార్ట్రెస్ దాకా వేలమంది యువతీయువకులు లాటిన్ పూజ కోసం మూడు రోజులు నడిచి వెళ్తున్నారు. కొత్తగా విశ్వాసంలోకి వచ్చేవాళ్లూ, పాత పూజను వెతుక్కునేవాళ్లూ అడుగుతున్నది ఇంచుమించు ఒకటే. మాకు తేలికైనది వద్దు, లోతైనది ఇవ్వండి.

కొత్తగా వచ్చినవాళ్లకు ఏడాది, రెండేళ్ల బడి. పుట్టుకతో కతోలికులైనవాళ్లకు? పెద్దల సత్యోపదేశమే అన్నిటికన్నా ముఖ్యమైన రూపమని 1971లోనే రోమ్ మార్గదర్శిని చెప్పింది. 1979లో రెండో జాన్ పాల్ పోపు అదే మాటను నొక్కిచెప్పారు. 1992లో సమగ్ర సత్యోపదేశ గ్రంథం వచ్చింది. 2021 మేలో ఉపదేశి సేవను శ్రీసభలో అధికారిక సేవగా స్థాపించారు. కాగితం మీద లోటు లేదు. ఆదివారం పూజయ్యాక మన విచారణల్లో పిల్లలు సత్యోపదేశానికి గదుల్లోకి వెళ్తారు. పెద్దలు బయట చెట్టు కింద ఫోన్లు చూసుకుంటూ వాళ్ల కోసం ఎదురుచూస్తారు. ఆ ముప్పావుగంట చాలు, ఎంతో చేయడానికి!

ఏం చేయొచ్చో ఆలోచిస్తే దారులు దగ్గరే ఉన్నాయి. నెలకొక ఆదివారం పూజను ఆపి ఆపి వివరిస్తూ నడిపించవచ్చు. ఈ వస్త్రం ఊదా రంగెందుకు, ఈ పఠనానికి నిలబడి ఆ పఠనానికి ఎందుకు కూర్చుంటాం, అప్పాన్ని విరిచి చిన్న ముక్కను పాత్రలో ఎందుకు వేస్తారు. బిడ్డకు జ్ఞానస్నానం అడిగిన తల్లిదండ్రులకూ, జ్ఞానతల్లికీ, జ్ఞానతండ్రికీ నాలుగు సాయంత్రాలు కేటాయించవచ్చు. చీరా బంగారమూ పెట్టడమే జ్ఞానతల్లి పని అనుకునే రోజులు పోవాలి. పెళ్లికి ముందు జరిగే తరగతులు పత్రం కోసం కూర్చునే తంతుగా మిగలకూడదు. పూజ మాటల్ని, ప్రతి జవాబునూ విడమరచే చిన్న వీడియోలు తెలుగులో తయారుచేయడానికి సికింద్రాబాద్ అమృతవాణి లాంటి ప్రసార కేంద్రం మనకు ఉండనే ఉంది. కువైట్‌లో ఇళ్లలో పనిచేసే కడప, గోదావరి జిల్లాల అమ్మలకు శుక్రవారం పూజే ఆదివారం పూజ. సెలవు దొరక్కపోతే అదీ లేదు. వాళ్ల చేతిలో ఫోన్ ఉంది. వాళ్లకు చేరాల్సిన బోధ ఆ ఫోన్‌లోకి రావాలి.

గుణదల కొండ మరో పెద్ద బడి కాగలదు. 1924లో ఇటలీ గురువు ఫాదర్ ఆర్లాటి అక్కడ మరియ మాత స్వరూపాన్ని ప్రతిష్ఠించారు. ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో లక్షల మంది కొండెక్కుతారు. తలనీలాలిస్తారు, కొబ్బరికాయలు కొడతారు, కొవ్వొత్తులు వెలిగిస్తారు, మొక్కులు తీర్చుకుంటారు. వచ్చేవాళ్లలో కతోలికులు కానివాళ్లూ బోలెడంతమంది. ఈ భక్తిని చూసి ముఖం చిట్లించే చదువుకున్న విశ్వాసులున్నారు. తల్లి దగ్గరికి పిల్లలు వచ్చే తీరు అది. దాన్ని కించపరిస్తే ఏమీ మిగలదు. అయితే క్యూలో గంటలు నిలబడే ఆ జనానికి, లూర్దులో 1858లో ఆ తల్లి కనిపించింది పేద కుటుంబంలోని ఓ రోగిష్టి పిల్లకని, కానాలో పెళ్లింటి వాళ్లతో తన కొడుకు మాట వినమన్న తల్లి ఆమేనని ఎవరైనా చెబితే, మొక్కు మరో మెట్టు ఎక్కుతుంది.

ఇంకో పాఠం ఉంది, చెప్పడానికి కష్టమైనది. తెలుగు శ్రీసభలో అత్యధికులు దళితులు. 2022 ఆగస్టులో హైదరాబాద్ అగ్రపీఠాధిపతి పూల అంతోని గారు కార్డినల్ అయ్యారు. తొలి తెలుగు కార్డినల్, తొలి దళిత కార్డినల్. గుండె ఉప్పొంగే సందర్భమది. అయినా కులం గుడి వాకిట్లో చెప్పులతో పాటు ఆగిపోలేదు. ఎవరు ఎవరింట అన్నం తింటారో, ఎవరి శవం ఎక్కడ పూడుస్తారో ఇంకా అదే చెబుతున్న ఊళ్లున్నాయి. పూజలో చేతులు జోడించి ఒకరికొకరు శాంతి చెప్పుకుంటారు. గుడి దాటగానే ఎవరి వీధి వారిది. పౌలు కొరింతీయులకు ప్రభు రాత్రి భోజనం గురించి రాసింది ఎందుకో పెద్దలకు చెప్పాలి. ఉన్నవాళ్లు ముందే తిని, లేనివాళ్లను ఆకలితో కూర్చోబెట్టారన్న కోపంతో రాశాడు. ప్రతి పూజలో మనం వినే మాటలు రాతలో మనకు మొదట దొరికేది ఆ పంక్తిభేదం సందర్భంలోనే. ఈ సంగతి తెలిశాక ఆ మాటలు మళ్లీ పాతలా వినిపించవు. లాటిన్‌లోనైనా, తెలుగులోనైనా.

నేర్పేవాళ్ల అలసట కూడా కొత్తది కాదు. క్రీ.శ. 400 ప్రాంతంలో కార్తేజ్‌లో దేవోగ్రాతియాస్ అనే డీకన్, కొత్తవాళ్లకు మళ్లీ మళ్లీ అదే చెప్పి విసుగొస్తోందని అగుస్తీనుతో మొరపెట్టుకున్నాడు. జవాబుగా అగుస్తీను ఏకంగా ఒక పుస్తకమే రాసిచ్చాడు. వినేవాళ్లు నిలబడలేకపోతే కూర్చోబెట్టమన్నాడు. ఊరు చూపించేటప్పుడు మనం రోజూ చూసే వీధే అవతలివాడి కళ్లతో కొత్తగా కనిపిస్తుంది కదా, అలా చెప్పమన్నాడు. పదహారు వందల ఏళ్లు గడిచినా మన ఫాదర్ గార్లకూ, సిస్టర్లకూ, మిగిలిన కొద్దిమంది ఉపదేశులకూ అంతకన్నా దగ్గరి స్నేహితుడు దొరకడు.

అదే నాలుగో శతాబ్దం చివర ఎగేరియా అనే స్త్రీ పడమటి దేశాల నుంచి యెరూషలేముకు యాత్ర వెళ్లి, చూసిందంతా తన ఊళ్లోని అక్కచెల్లెళ్లకు రాసి పంపింది. పాస్కాకు జ్ఞానస్నానం పొందబోయేవాళ్లకు మేత్రాణులే స్వయంగా తపస్కాలమంతా పొద్దున్నే మూడేసి గంటలు బోధించేవారు. జ్ఞానస్నానమయ్యాక పాస్కా వారంలో మళ్లీ కూర్చోబెట్టి, తాము పొందిందేమిటో ఒక్కో గుర్తూ విప్పి చెప్పేవారు. మేత్రాణులు గ్రీకులో మాట్లాడేవారు. గ్రీకు రానివాళ్ల కోసం ఒక గురువు పక్కనే నిలబడి సిరియా భాషలోకి మార్చి చెప్పేవాడు. లాటిన్ మాత్రమే వచ్చినవాళ్లకు రెండు భాషలూ తెలిసిన తోటి విశ్వాసులు వివరించేవారు. తలుపులు మూసి ఉండేవి. అర్థం తెలిసిన కొద్దీ లోపలివాళ్లు ఆనందం పట్టలేక చప్పట్లు కొట్టేవారనీ, ఆ చప్పుడు గుడి బయట నిలబడ్డవాళ్లకు కూడా వినిపించేదనీ ఎగేరియా రాసుకుంది.